క్యాంపర్ వ్యానుకు లిథియం బ్యాటరీ: ముందు చూడవలసింది చార్జింగ్ దారి

ప్రశ్న: మేము ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్నాము. 2017 నాటి ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ టీ6 క్యాంపర్ వ్యానును నిరుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాము. ముందు సీటు కింద వ్యాను లోపలి సామాన్లను నడిపే 110 ఆంప్ అవర్ల లెజర్ బ్యాటరీ (ఏజీఎం అనే లెడ్ రకం), ఇంజను నడిచేటప్పుడు దాన్ని చార్జ్ చేయడానికి స్ప్లిట్ చార్జ్ రిలే, పైకప్పు మీద 100 వాట్ల సోలార్ ప్యానెల్, క్యాంప్‌సైట్‌లో తీగతో తీసుకునే హుక్-అప్ కరెంటుకు ఒక చిన్న చార్జరు ఉన్నాయి. కంప్రెసర్ ఫ్రిజ్, డీజిల్ హీటరు ఈ బ్యాటరీ మీదే నడుస్తాయి. హుక్-అప్ లేని చోట ఆగితే రెండో రోజు తెల్లవారేసరికి ఫ్రిజ్ ఆగిపోతోంది. పాత బ్యాటరీ తీసేసి అదే చోట 100 ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీ పెట్టుకుంటే చాలు, ఇంకేమీ మార్చనక్కరలేదని అమ్మకందారు అంటున్నాడు. ఇది నిజమేనా? 110 తీసి 100 పెడితే తగ్గినట్టు కాదా? పిల్లలు పడుకునే వ్యానులో లిథియం బ్యాటరీ పెడితే అంటుకుంటుందేమోనని మా అత్తగారు భయపడుతున్నారు. చలికాలంలో స్కాట్లండు వెళ్ళాలని ఉంది, అక్కడ పనిచేస్తుందా? రైస్ కుక్కరు, మిక్సీ నడుస్తాయా? హైదరాబాదు నుంచి వస్తున్న మా బావమరిది అక్కడ చవకగా దొరికితే తెస్తానంటున్నాడు, తెప్పించుకోవచ్చా?

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీ కష్టానికి మూలం బ్యాటరీ చిన్నదవడం కన్నా, ఆ బ్యాటరీ ఎప్పుడూ పూర్తిగా నిండకపోవడమే అయివుండే అవకాశం ఎక్కువ. అందువల్ల లిథియం బ్యాటరీకి ఇప్పుడే డబ్బు కట్టవద్దు. ముందుగా ఇంజను నుంచి బ్యాటరీకి కరెంటు వచ్చే దారిని బాగుచేయించండి. ఎలాగూ ఆ పని చేయకుండా లిథియం పెట్టకూడదు కనుక ఆ ఖర్చు వృథా కాదు. అది చేశాక కూడా మీ అవసరం తీరకపోతే అప్పుడు నిశ్చింతగా లిథియంకు వెళ్ళవచ్చు. "ఇంకేమీ మార్చనక్కరలేదు" అన్న అమ్మకందారు మాట మీ వ్యాను విషయంలో సరికాదు.

కారణం మీ వ్యాను వయసులో ఉంది. పాత వాహనాలలో ఇంజను నడుస్తున్నంతసేపూ, దాని బలంతో కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు దాదాపు 14 వోల్టులకు పైగా స్థిరంగా ఇచ్చేది. స్ప్లిట్ చార్జ్ రిలే ఆ కాలానికి తగ్గ పరికరం. ఇంజనును స్టార్ట్ చేసే స్టార్టర్ బ్యాటరీ దగ్గర వోల్టేజి 13.3 వోల్టుల ప్రాంతానికి చేరగానే అది రెండు బ్యాటరీలను కలుపుతుంది, 12.8 ప్రాంతానికి దిగగానే విడదీస్తుంది. ఐరోపాలో యూరో 6 ఉద్గార ప్రమాణాలు వచ్చాక పద్ధతి మారింది. బ్రిటన్‌లో 2016 సెప్టెంబరు నాటికి మీ వ్యాను పరిమాణం గల కొత్త వ్యాన్లకు అవి తప్పనిసరి అయ్యాయి. ఇంధనం ఆదా చేయడానికి ఈ తరం వాహనాలలో ఇంజను కంప్యూటరే ఆల్టర్నేటరును అదుపు చేస్తుంది. స్టార్టర్ బ్యాటరీ కొంతవరకు నిండగానే వోల్టేజిని 12.5 ప్రాంతానికి దించేస్తుంది. డ్రైవరు యాక్సిలరేటరు వదిలినప్పుడో బ్రేకు వేసినప్పుడో మాత్రం, వృథాగా పోయే శక్తిని పట్టుకోవడానికి ఒక్కసారిగా 15 వోల్టుల దాకా పెంచుతుంది. స్టార్టర్ బ్యాటరీకి దీనివల్ల ఇబ్బంది లేదు. రిలే వెనుక ఉన్న లెజర్ బ్యాటరీకి మాత్రం మోటర్‌వే మీద రెండు గంటలు ప్రయాణించినా అందేది అంతంత మాత్రమే.

మీ వ్యానులో జరుగుతున్నది ఇదేనా అన్నది ఒక సాధారణ మల్టీమీటరుతో తేల్చుకోవచ్చు. మీటరును డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, దాని మొనలను కేబుల్ బిగించిన క్లాంపుల మీద కాకుండా లెజర్ బ్యాటరీ సీసపు పోస్టుల మీదే ఆనించి చూడాలి. ముందురోజు సాయంత్రం నుంచి చార్జింగ్ గాని వాడకం గాని లేకుండా ఉంచి, ఉదయం సోలార్ ప్యానెల్‌ను దుప్పటితో కప్పి చూసినప్పుడు 12.7 గాని ఆపైన గాని కనబడితే బ్యాటరీ నిండినట్టు, 12.2 కనబడితే సగానికి వచ్చినట్టు. తరువాత ఇంజను స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఆగి ఒకసారి చూడండి. బహుశా 14 పైన కనిపిస్తుంది. ఆపైన ఇంకొకరు వ్యాను నడుపుతుండగా పక్కన కూర్చున్నవారు మీటరు చూడగలిగేలా తీగలను బయటికి తీసి, ఒక అరగంట మోటర్‌వే మీద వెళ్ళి రండి. అంకె 12.5, 12.6 దగ్గర తచ్చాడుతూ, వ్యాను వేగం తగ్గినప్పుడు మాత్రం పైకి లేచి మళ్ళీ దిగుతూ ఉంటే రోగం తెలిసినట్టే.

మరొక చోట కూడా మీటరు పెట్టి చూడమని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే చాలామంది ఇది చూడకుండానే బ్యాటరీలు మార్చేస్తారు. ఫ్రిజ్ వెనుక దాని కంప్రెసరుకు తీగలు కలిసే చోట, అది నడుస్తుండగా వోల్టేజి కొలవండి. అదే సమయంలో బ్యాటరీ పోస్టుల దగ్గర కూడా కొలవండి. రెండింటికీ మధ్య అర వోల్టుకు మించి తేడా ఉంటే, వ్యానును క్యాంపరుగా మార్చినవారు ఫ్రిజ్‌కు సన్నని తీగ వేశారన్నమాట. ఫ్రిజ్ తన దగ్గరికి చేరిన వోల్టేజిని చూసుకునే ఆగిపోతుంది గాని బ్యాటరీలో ఎంత మిగిలిందో దానికి తెలియదు. అలాంటప్పుడు కొన్ని పౌండ్ల లావు తీగతో తీరే సమస్యకు కొన్ని వందల పౌండ్ల బ్యాటరీ కొన్నట్టవుతుంది.

ఇక రిలేను అలాగే ఉంచి లిథియం పెడితే ఏమవుతుందో చెబుతాను. లెజర్ బ్యాటరీలుగా అమ్మే లిథియం రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఒక్కొక్కటి 3.2 వోల్టుల చొప్పున నాలుగు సెల్‌లను వరుసగా కలిపి 12.8 వోల్టుల బ్యాటరీ చేస్తారు. దీని అంతర్గత నిరోధం చాలా తక్కువ కనుక, ఖాళీగా ఉన్నప్పుడు 14 వోల్టులకు నేరుగా కలిపితే ఎంత ఇస్తే అంత తాగేస్తుంది. లెడ్ బ్యాటరీ కొద్దిసేపట్లోనే తనంతట తాను నెమ్మదిస్తుంది. లిథియం దాదాపు నిండేవరకు అదే జోరుతో లాగుతుంది. ట్రాఫిక్‌లో ఇంజను ఐడిల్‌లో ఉండి, ఆల్టర్నేటరును చల్లబరిచే గాలి తక్కువగా ఉన్న సమయంలో ఈ భారం పడితే ఆల్టర్నేటరు కాలిపోవచ్చు, రిలే కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. ఇది ఒక వైపు ప్రమాదం. రెండో వైపు ఇంకా విచిత్రం. విశ్రాంతిగా ఉన్న లిథియం బ్యాటరీ వోల్టేజి 13.2, 13.3 దగ్గర నిలబడుతుంది. రిలే విడిపోవలసిన 12.8 కన్నా అది ఎక్కువ. కాబట్టి ఇంజను ఆపినా రిలే విడిపోదు, లెజర్ బ్యాటరీలోని కరెంటే వెనక్కి స్టార్టర్ బ్యాటరీ వైపు పోతూ ఉంటుంది. ప్రయాణంలో ఆల్టర్నేటరు 12.5కు దిగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. చార్జ్ కావలసిన బ్యాటరీయే ఖాళీ అవుతుంది.

దీనికి విరుగుడు డీసీ టు డీసీ చార్జరు. బ్రిటన్‌లో దీన్ని బ్యాటరీ టు బ్యాటరీ చార్జరు అనీ, క్లుప్తంగా బీ టు బీ అనీ అంటారు. ఆల్టర్నేటరు వైపు నుంచి 12.5 వచ్చినా 15 వచ్చినా, లెజర్ బ్యాటరీకి కావలసిన 14.4 వంటి వోల్టేజిని ఇది తయారు చేసి ఇస్తుంది, తన పరిమితికి మించి కరెంటు లాగనివ్వదు, ఇంజను ఆపగానే రెండు బ్యాటరీలను పూర్తిగా విడదీస్తుంది. మీకు 30 ఆంపుల పరిమాణం సరిపోతుంది. విక్ట్రాన్, స్టెర్లింగ్, రెనోజీ, రెడార్క్ వంటి వాటిలో ఏదైనా తీసుకోండి గాని, ఏజీఎంకు, లిథియంకు వేర్వేరు సెట్టింగులు ఉన్న నమూనానే ఎంచుకోండి. అప్పుడు రేపు బ్యాటరీ మార్చినా చార్జరు మార్చనక్కరలేదు. బిగించేవారితో మూడు విషయాలు ముందే మాట్లాడుకోవాలి. మీ ఆల్టర్నేటరు వోల్టేజి పడుతూ లేస్తూ ఉంటుంది కనుక, చార్జరు దాన్ని చూసి ఇంజను నడుస్తోందో లేదో ఊహించుకునే పద్ధతి కాకుండా ఇగ్నిషన్ నుంచి ఒక సన్నని సిగ్నల్ తీగ ఇవ్వాలి. బానెట్ కింది స్టార్టర్ బ్యాటరీ నుంచి సీటు కిందికి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేసి, రెండు చివర్లా ఫ్యూజు పెట్టాలి. మార్పిడిలో కొంత శక్తి వేడిగా పోతుంది. కొన్ని నమూనాలలో అది 50, 60 వాట్ల దాకా ఉంటుంది. కనుక చార్జరును బట్టలు, దుప్పట్లు కుక్కే అరలో కాకుండా గాలి ఆడే చోట బిగించాలి.

ఇప్పుడు 110, 100 లెక్క. ఒక ఆంపు కరెంటును గంటసేపు వాడితే ఒక ఆంప్ అవరు. లెడ్ బ్యాటరీ మీద రాసినదంతా వాడుకునేది కాదు. సగానికి మించి ఖాళీ చేస్తూపోతే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. కాబట్టి మీ 110లో నిజంగా చేతికి వచ్చేది 55 ఆంప్ అవర్లు. అదీ పూర్తిగా నిండి ఉంటేనే. లెడ్ బ్యాటరీకి చివరి 20 శాతం నిండడానికి ఎన్నో గంటలు పడుతుంది, మీ రిలే దాన్ని అక్కడిదాకా తీసుకుపోవడం లేదు. 80 శాతం దగ్గర బయలుదేరి 50 దగ్గర ఆగాలంటే మిగిలేది 33 ఆంప్ అవర్లు మాత్రమే. ఖర్చు వైపు చూడండి. 45 వాట్ల కంప్రెసరు రోజులో మూడో వంతు సమయం నడిస్తే ఫ్రిజ్‌కే దాదాపు 30 ఆంప్ అవర్లు. డీజిల్ హీటరు వెలిగేటప్పుడు దాన్ని అంటించే గ్లో ప్లగ్ కొన్ని నిమిషాలు 8 నుంచి 10 ఆంపులు లాగి, తరువాత రాత్రంతా మెల్లగా నడిస్తే మరో 10 నుంచి 12. లైట్లు, నీళ్ళ పంపు, ఫోన్ల చార్జింగ్ కలిపి ఇంకో 8 అనుకుందాం. రోజుకు 50 ఆంప్ అవర్లు. రెండో తెల్లవారికి ఫ్రిజ్ ఆగడంలో ఆశ్చర్యం లేదు. లిథియంలో 90 శాతం వరకు వాడుకున్నా ఇబ్బంది లేదు కనుక 100 ఆంప్ అవర్ల బ్యాటరీ నుంచి 90 వస్తాయి. అంటే అంకె చిన్నదైనా మీకు వచ్చేది ఎక్కువే. బరువు కూడా 30 కిలోల నుంచి 11, 12 కిలోలకు దిగుతుంది. చార్జింగ్‌లోనూ లాభం ఉంది. 30 ఆంపుల చార్జరుతో రెండు గంటలు ప్రయాణిస్తే లిథియంకు దాదాపు 60 ఆంప్ అవర్లు ఎక్కుతాయి, అంటే ఒక రోజు ఖర్చు పూర్తిగా తిరిగి వచ్చినట్టు. సగం నిండిన స్థితిలో వారాల తరబడి ఉన్నా లిథియంకు హాని లేదు. లెడ్ బ్యాటరీని అలా ఉంచితే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ కరగదు. మన ఊళ్ళలో ఇన్వర్టరు కింద పెట్టే ట్యూబులర్ బ్యాటరీలు కరెంటు కోతలు ఎక్కువైన ఏడాది త్వరగా పాడయ్యేది కూడా ఇలాగే.

బీ టు బీ బిగించాక, మీ ఏజీఎంను ఇంటి దగ్గర మెయిన్స్ చార్జరుతో ఒక పూర్తి పగలూ రాత్రీ నింపి, ఒక వారాంతం హుక్-అప్ లేకుండా ఉండి చూడండి. బ్యాటరీ ఇంకా బాగుంటే మీ ఫ్రిజ్ రెండో రోజు మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. మధ్యలో గంటన్నర ప్రయాణం ఉంటే మూడో రోజుకూ రావచ్చు. మీరు ఏడాదిలో చాలా రాత్రులు హుక్-అప్ ఉన్న క్యాంప్‌సైట్లలోనే గడిపేవారైతే ఇక్కడితో ఆగిపోండి, అవసరమైతే మరొక మంచి ఏజీఎం కొనుక్కోండి. ఎండాకాలంలో వేల్స్‌లో ఒక రాత్రి, లేక్ డిస్ట్రిక్ట్‌లో ఒక రాత్రి అనుకునేవారికి లిథియం అవసరమని నేను అనుకోను. మీరు చలికాలపు స్కాట్లండు సంగతి ఎత్తారు కనుక మాత్రం నా మొగ్గు లిథియం వైపే. జూన్‌లో రోజుకు 25 నుంచి 30 ఆంప్ అవర్లు ఇచ్చే మీ 100 వాట్ల ప్యానెల్, డిసెంబరులో 3, 4 ఇస్తే గొప్ప. అప్పుడు ఆధారం ఇంజను ఒక్కటే. తక్కువ ప్రయాణంలో ఎక్కువ నింపుకోగల బ్యాటరీ అక్కడే అక్కరకు వస్తుంది. ఏజీఎంను తీసేయకుండా లిథియంతో జతగా కలుపుకుందామన్న ఆలోచన వస్తే మానుకోండి. రెండింటి వోల్టేజి తీరు వేరు, ఒకటి రెండోదాన్ని ఎప్పుడూ సరిగ్గా నిండనివ్వదు.

మీ అత్తగారి భయాన్ని తేలికగా తీసుకోకండి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల షోరూములో రేగిన మంటలు, పొగ పైనున్న హోటల్‌లోకి పాకి 8 మంది చనిపోయిన సంగతి తెలుగువారెవరూ మరిచిపోలేదు. లిథియం అనగానే ఆ దృశ్యం గుర్తుకు రావడం సహజం. అయితే లిథియం బ్యాటరీలన్నీ ఒక్కటి కావు. ఫోన్లలో, లాప్‌టాపులలో, ఎన్నో విద్యుత్ వాహనాలలో వాడే రకాలలో నికెల్, కోబాల్ట్ ఆక్సైడులు ఉంటాయి. అవి విపరీతంగా వేడెక్కితే తమలోని ఆక్సిజన్‌ను వదిలి మంటకు తామే ఊపిరి పోస్తాయి. ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉంటుంది కనుక అంత తేలికగా విడిపోదు. ఈ పదార్థాన్ని బ్యాటరీకి పనికివచ్చేదిగా 1997లో ప్రపంచానికి చూపినది టెక్సస్ విశ్వవిద్యాలయంలోని జాన్ గుడెనఫ్ బృందం. లిథియం బ్యాటరీల మీద కృషికి ఆయనకు 2019లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అంత మాత్రాన ఇది ఎన్నటికీ కాలదని చెప్పడం తప్పు. దెబ్బతిన్న సెల్, నాసిరకం తయారీ, నీటిలో మునిగిన బ్యాటరీ ఏ రకమైనా ప్రమాదమే. వాడిన సెల్‌లతో ఎవరో ఇంట్లో కూర్చిన బ్యాటరీని, పెట్టె పగిలినదాన్ని, కింద పడినదాన్ని ఎంత చవకగా ఇచ్చినా పిల్లలు పడుకునే వ్యానులోకి రానివ్వకండి.

నిజానికి వ్యానులో బ్యాటరీ కన్నా ఎక్కువ జాగ్రత్త కోరేది దాని కేబుల్. లిథియం బ్యాటరీ షార్ట్ అయితే ఒక్క క్షణంలో వేల ఆంపులు పారతాయి. అందువల్ల ప్రధాన ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ పోస్టుకు జానెడు దూరంలోపే ఉండాలి, ఆ ఫ్యూజు అంత కరెంటును ఆపగల రకానిది అయివుండాలి. సాధారణ బ్లేడు ఫ్యూజు ఇక్కడ పనికిరాదు. పోస్టు మీదే కూర్చునే ఎంఆర్‌బీఎఫ్ రకం గాని, క్లాస్ టీ రకం గాని పెట్టమనండి. మీ వ్యానులో ఇంకొక చోటు చూడాలి. ముందు సీటు వెనక్కి తిరిగే స్వివెల్ రకమైతే, సీటును పూర్తిగా ఒక చుట్టు తిప్పుతూ టార్చి వేసి కింద చూడండి. తిరిగే ఇనుప పలక అంచు కేబుల్‌కు ఎక్కడైనా ఆనుతోందా, సీటు పెట్టెలోకి కేబుల్ దూరే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ ఉందా అని పరీక్షించండి. తొడుగు మీద మెరుపు గీత కనిపించినా అది నలుగుతున్నట్టే. కేబుల్ చివర్లకు తొడిగే లగ్‌లను హైడ్రాలిక్ క్రింపరుతో నొక్కించాలి, బోల్టులను తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించి, కొన్ని వందల మైళ్ళు తిరిగాక మళ్ళీ చూసుకోవాలి. వదులైన బోల్టు దగ్గర పుట్టే వేడిని ఏ ఫ్యూజూ పసిగట్టలేదు. బ్యాటరీ కూడా కదలకుండా పట్టీతో గాని బ్రాకెట్‌తో గాని గట్టిగా కట్టి ఉండాలి.

చలి విషయంలో ఒక నియమం కచ్చితమైనది. ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద వాడుకోవచ్చు గాని చార్జ్ చేయకూడదు. అంత చలిలో చార్జ్ చేస్తే లిథియం, గ్రాఫైటు పొరల్లోకి చొరబడలేక దాని పైనే లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్ళీ తిరిగి రాదు, లోపల షార్టుకూ దారితీయవచ్చు. మంచి బ్యాటరీలో బీఎంఎస్ అనే రక్షణ సర్క్యూట్ చలిని గుర్తించి చార్జింగ్‌ను ఆపేస్తుంది. చవక బ్యాటరీలలో కొన్నింటికి ఈ రక్షణే ఉండదు, కాబట్టి కొనే ముందు వివరాల పట్టికలో తక్కువ ఉష్ణోగ్రత చార్జింగ్ రక్షణ ఉన్నట్టు స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి. మీకు సీటు కింద చోటు ఉండడం అదృష్టం. రాత్రంతా హీటరు నడిచిన వ్యానులో ఆ చోటు సున్నాకు దిగదు. జనవరిలో స్కాట్లండు కొండల్లోని ఏవీమోర్ వైపు రెండు రోజులు హీటరు లేకుండా నిలిపి ఉంచిన వ్యానులోనైతే దిగుతుంది. పది కిలోలకు పైబడిన బ్యాటరీ వేడెక్కడానికి గంటలు పడుతుంది కనుక, ఇంజను స్టార్ట్ చేసిన వెంటనే చార్జ్ కాలేదని కంగారుపడవద్దు. అటువంటి ప్రయాణాలు తరచుగా ఉంటాయనుకుంటే, వచ్చిన కరెంటుతో ముందు తనను తాను వెచ్చబరుచుకుని తరువాత చార్జ్ అయ్యే హీటరు ఉన్న బ్యాటరీ దొరుకుతుంది, కొంచెం ఎక్కువ పెట్టి అదే తీసుకోండి. అలాగని డీజిల్ హీటరు వేడి గాలి నేరుగా బ్యాటరీ మీదికి కొట్టేలా పెట్టకూడదు, అతి వేడిలో కూడా చార్జింగ్ మంచిది కాదు.

మెయిన్స్ చార్జరులో, సోలార్ కంట్రోలరులో లిథియం సెట్టింగు ఉంటే దానికి మార్చాలి. లేకపోతే చార్జింగ్ వోల్టేజి 14.2 నుంచి 14.4, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజి) 13.5 దగ్గర పెట్టి, లెడ్ బ్యాటరీకి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజి ఇచ్చే ఈక్వలైజేషన్‌ను, ఉష్ణోగ్రతను బట్టి వోల్టేజిని పెంచే సదుపాయాన్ని ఆపేయాలి. లెడ్ బ్యాటరీలను బాగుచేయడానికి 15 వోల్టులకు పైగా కొట్టే చార్జరు మీది అయితే, దాన్ని లిథియంకు తగిలించవద్దు. వీటితో పాటు షంట్ అనే కరెంటు కొలిచే పరికరం ఉన్న బ్యాటరీ మానిటరు తప్పక పెట్టించుకోండి. లిథియం వోల్టేజి నిండుగా ఉన్నప్పుడూ మూడో వంతు మిగిలినప్పుడూ 13 వోల్టులకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది కనుక, ఇంతకాలం వోల్టుమీటరు చూసి వేసిన అంచనాలు ఇక పనిచేయవు. షంట్ లోపలికి వచ్చిన ఆంపులను, బయటికి పోయిన ఆంపులను లెక్కపెడుతుంది. అది సరిగ్గా లెక్కపెట్టాలంటే బ్యాటరీ నెగటివ్ పోస్టుకు షంట్ తప్ప మరే తీగా తగిలి ఉండకూడదు. బాడీకి వేసిన ఎర్త్ తీగ కూడా షంట్ అవతలి వైపుకే పోవాలి.

రైస్ కుక్కరు నడుస్తుంది. 500 వాట్ల కుక్కరు అరగంట నడిస్తే ఇన్వర్టరులో పోయే నష్టంతో కలిపి 22, 23 ఆంప్ అవర్లు పోతాయి. మీ రోజు ఖర్చులో అది దాదాపు సగం. మిక్సీ 750 వాట్లది అయినా నాలుగైదు నిమిషాలే కనుక 5, 6కు మించదు గాని, జారు తిరగడం మొదలైన క్షణంలో రెండు మూడు రెట్లు లాగుతుంది. 100 ఆంపుల బీఎంఎస్ ఉన్న బ్యాటరీ నుంచి నిరంతరంగా తీసుకోగలిగేది దాదాపు 1,100 వాట్లు. కాబట్టి 1,500 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు పెట్టుకున్నా రెండింటినీ ఒకేసారి వేయకండి, బ్రిటన్‌లో అమ్మే 2,000, 3,000 వాట్ల కెటిల్‌ను, ఇండక్షన్ పొయ్యిని అసలు తగిలించకండి. నా మాట వింటే అన్నం గ్యాసు మీద వండుకోండి, మిక్సీకి మాత్రం ఇన్వర్టరు వాడండి. ఇన్వర్టరు 230 వోల్టులు పుట్టిస్తుంది, అది ప్రాణాంతకం. దాన్ని వ్యాను సాకెట్లకు కలిపే పని, హుక్-అప్‌కు, ఇన్వర్టరుకు మధ్య మార్పిడి స్విచ్ పెట్టే పని బ్రిటన్ వైరింగ్ ప్రమాణమైన బీఎస్ 7671లోని 721వ విభాగం తెలిసిన ఎలక్ట్రీషియనుకే అప్పగించండి. కారవాన్లు, మోటారు కారవాన్ల వైరింగ్‌కు బ్రిటన్‌లో అనుసరించే నియమాలు ఆ విభాగంలో ఉన్నాయి.

మీ బావమరిదికి మాత్రం వద్దని చెప్పండి. 100 ఆంప్ అవర్ల బ్యాటరీ అంటే 1,280 వాట్ అవర్లు. విమాన ప్రయాణికులకు విడి బ్యాటరీల మీద ఉన్న గరిష్ఠ పరిమితి, అదీ విమానయాన సంస్థ అనుమతితో, 160 వాట్ అవర్లు. చేతి సంచిలోనూ వీలు కాదు, లోపలికి వేసే సామానులోనూ వీలు కాదు. మీరున్న దేశంలోనే, వారంటీ అడిగితే పలికే అమ్మకందారు దగ్గర కొనండి. మీ వ్యాను సీటు పెట్టెలో ఎత్తు తక్కువ కనుక డబ్బు కట్టేముందు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ టేపుతో కొలిచి, కేబుల్ లగ్‌లకు, ఫ్యూజుకు పైన చోటు మిగులుతుందో లేదో చూసుకోండి. బ్యాటరీ మార్చిన సంగతి, ఇన్వర్టరు పెట్టిన సంగతి వాహన బీమా సంస్థకు రాసి తెలియజేసి, వారి జవాబును దాచుకోండి. తీసేసిన ఏజీఎంను ఇంటి చెత్తలో వేయకుండా కౌన్సిల్ రీసైక్లింగ్ కేంద్రానికి ఇవ్వండి.

లిథియం పెట్టుకున్నాక వ్యానును చలికాలంలో నెలల తరబడి ఇంటి ముందు నిలిపి ఉంచేటట్టయితే, లెడ్ బ్యాటరీకి చేసినట్టు ఎప్పుడూ నిండుగా ఉంచవద్దు. సగం నుంచి 60 శాతం మధ్య ఉంచి, ప్రధాన స్విచ్ ఆపి, సోలార్‌ను కూడా విడదీసి, నెలకొకసారి మానిటరులో చూసుకుంటే చాలు.

ముందుగా ఆ మీటరు పరీక్షలు చేయండి. బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పటి వోల్టేజి, మోటర్‌వే మీద కనిపించిన వోల్టేజి, ఫ్రిజ్ దగ్గరి వోల్టేజి, సీటు పెట్టె లోపలి కొలతలు రాసి పంపండి. బీ టు బీ పరిమాణం, ఫ్యూజుల విలువలు మీ వ్యానుకు తగినట్టు లెక్కకట్టి చెబుతాను.